నడిసముద్రంలో హాట్‌స్పాట్

క్రూయిజ్ టికెట్లు తీసుకున్న ఇంట్లో బయల్దేరే వారం ముందు ఒక మాట తప్పకుండా వస్తుంది. “నలుగురికీ నాలుగు వైఫై ప్యాకేజీలు దేనికి? ఒకళ్ల ఫోన్‌కి తీసుకుని మిగతావాళ్లకి హాట్‌స్పాట్ ఇచ్చుకుంటే పోలా?” అడగడంలో తప్పేం లేదు. రైల్లో, పెళ్లి విడిదిలో, ఇంట్లో కరెంటు పోయిన పూట మనం చేసే పనే అది. సింగపూర్‌లో ఓడెక్కే హైదరాబాదు కుటుంబమైనా, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి వాళ్లతో పాటు అలాస్కా చూడబోయే అమ్మానాన్నలైనా ఇదే లెక్క వేస్తారు.

జవాబు మాత్రం అవుననో కాదనో ఒక్క ముక్కలో రాదు. హాట్‌స్పాట్ అనే ఆ ఒక్క మాట వెనక ఓడలో రెండు వేరువేరు పనులున్నాయి. ఓడ దగ్గర కొన్న వైఫైని మన ఫోన్ నుంచి పక్కవాళ్లకు పంచడం ఒకటి. మన సిమ్ మీద వచ్చే డేటాను పంచడం రెండోది. మొదటిది కుదరకపోతే పోయేది కాస్త సమయం. రెండోది కుదిరితేనే ప్రమాదం. ఈ తేడా తెలియకపోవడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ కాబట్టి దాన్ని చివర్లో కొంచెం తీరిగ్గా చూద్దాం.

అసలు ఈ పంపకం అనే ప్రశ్న ఎప్పుడు పుట్టిందో చూస్తే తమాషాగా ఉంటుంది. సముద్రం మీద నుంచి కబురు పంపడం ఏనాడూ చవక కాదు. 1912లో టైటానిక్ ప్రయాణికులు మార్కోని వైర్‌లెస్ గదికి ఇచ్చే తంతికి మొదటి 10 మాటలకు 12 షిల్లింగుల 6 పెన్స్, ఆ తర్వాత మాటకు 9 పెన్స్ చొప్పున కట్టేవారు. అక్కడ కొలత మాట. పొదుపు చేయాలంటే మాటలు తగ్గించాలి. ఓడల్లోకి కంప్యూటర్ గదులు వచ్చాక కొలత నిమిషమైంది. తెలివైనవాళ్లు ఉత్తరమంతా ముందే టైపు చేసి పెట్టుకుని, అప్పుడు కనెక్ట్ అయి, పంపేసి, గబగబా బయటికొచ్చేవారు. తర్వాత కొన్ని ఓడలు ఎంబీల లెక్కన అమ్మాయి. అప్పుడు బొమ్మలు తెరుచుకోకుండా ఆపుకోవడమే పొదుపు. ఇప్పుడు చాలా కంపెనీలు రోజుకు, పరికరానికి ఇంత అని అమ్ముతున్నాయి. కొలత పరికరమయ్యేసరికి ఒక పరికరం వెనక నాలుగు దాచడం పొదుపైంది. ఎంబీల కాలంలో హాట్‌స్పాట్ ఇచ్చుకుంటే ఓడవాడికి పోయేదేమీ లేదు. మన మూట మనమే తొందరగా ఖాళీ చేసుకునేవాళ్లం, అంతే.

కొలత ఇలా మారడానికి కారణం ఆకాశంలో ఉంది. పాత ఓడల డిష్‌లు భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున నిలిచి ఉన్నట్టు కనిపించే ఉపగ్రహాలతో మాట్లాడేవి. మనం అడిగింది అంత ఎత్తుకు వెళ్లి నేలకు దిగాలి, జవాబు మళ్లీ అదే దారిన రావాలి. కాంతివేగంతో పోయినా దాదాపు అర సెకను ఆ ప్రయాణానికే సరి. వీడియో కాల్‌లో “వినపడుతోందా?” “ఆఁ, వినపడుతోంది” అని ఇద్దరూ ఒకేసారి అరుచుకోవడం అందువల్లే. తర్వాత 8,000 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఓ3బీ ఉపగ్రహాలు వచ్చాయి. ఆ పైన సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే పరుగెత్తే స్టార్‌లింక్ వచ్చింది. రాయల్ కరీబియన్ గ్రూప్ తన ఓడలన్నిటికీ స్టార్‌లింక్ పెడతామని 2022 ఆగస్టులో ప్రకటించింది. కార్నివాల్ కార్పొరేషన్ 2024 నాటికి తన ఓడలన్నిటికీ పెట్టేసింది. చుక్కచుక్క లెక్కబెట్టాల్సినంత కరువు పోయింది. కానీ నీళ్లు పుష్కలంగా వచ్చినంత మాత్రాన కుళాయి ఉచితం కాదు గదా. లెక్కపెట్టడానికి వీలుగా కనిపించింది పరికరం. ప్రతి ఫోన్‌కూ వైఫై చిప్ తాలూకు ఒక చిరునామా ఉంటుంది. డబ్బు కట్టిన చిరునామాకు గేటు తీస్తారు, మిగతావాటికి తీయరు.

ఈ పద్ధతికి ఓడవాళ్లు చెప్పే న్యాయం కూడా ఒకటుంది, దాన్ని కొట్టిపారేయలేం. 2024 జనవరిలో తొలి ప్రయాణం చేసిన ఐకన్ ఆఫ్ ది సీస్ నిండితే ప్రయాణికులు 7,600 మంది, సిబ్బంది మరో 2,350 మంది. మండల కేంద్రమంత జనం ఒకే కప్పు కింద, పైకప్పు మీదున్న కొన్ని డిష్‌ల మీద ఆధారపడి ఉంటారు. అందరూ జేబులో ఫోన్, సంచిలో ట్యాబ్, చేతికి గడియారం అన్నీ ఒక్కసారి కలిపితే ఏమవుతుందో ఊహించవచ్చు. అయితే నాకు ఒక సందేహం ఉంది. రాత్రంతా సినిమాలు చూసే ఒక్క ఫోన్, వాట్సాప్‌లో ఫొటోలు పంపుకునే నాలుగు ఫోన్లకన్నా ఎక్కువ మింగుతుంది. భారం వేసేది డేటా, డబ్బు లాగేది పరికరాల సంఖ్య. ఈ రెండిటికీ పొంతన తక్కువ. హాట్‌స్పాట్ ఇచ్చుకునేవాడు తనకు తాను చెప్పుకునే సమర్థన ఇక్కడి నుంచే వస్తుంది.

సరే, ఫోన్ ఈ పని చేయగలదా? ఇది పూర్తిగా మీ చేతిలో ఏ ఫోన్ ఉందన్నదాని మీద ఆధారపడింది. ఐఫోన్ అయితే చేయదు. అందులోని పర్సనల్ హాట్‌స్పాట్ పంచేది సిమ్ డేటాను మాత్రమే. వైఫైగా అందుకున్నదాన్ని వైఫైగా బయటికివ్వడం దానికి రాదు. హాట్‌స్పాట్ ఆన్ చేసి ఎవరైనా దానికి తగులుకోగానే ఓడ వైఫై తెగిపోతుంది. చాలామంది మొదటిరోజు ఇక్కడే తలబాదుకుంటారు, ప్యాకేజీ పనిచేయడం లేదని కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకునేవాళ్లూ ఉంటారు. ఆండ్రాయిడ్‌లో శాంసంగ్ ఖరీదైన ఫోన్లు, మరికొన్ని కంపెనీల ఫోన్లు వైఫైని అందుకుంటూనే హాట్‌స్పాట్‌గా తిరిగి పంచగలవు. సెట్టింగ్స్‌లో వైఫై షేరింగ్ అని ఒక మీట ఉంటుంది. అది లేని ఆండ్రాయిడ్ ఫోన్ కూడా యూఎస్‌బీ తీగతో ఒక లాప్‌టాప్‌కు ఓడ వైఫైని అందించగలదు. విండోస్ లాప్‌టాప్ అయితే 2016 నుంచి మొబైల్ హాట్‌స్పాట్ అనే సదుపాయంతో వస్తోంది. ప్యాకేజీని దాని మీద తీసుకుని ఫోన్లకు పంచవచ్చు. మ్యాక్ మాత్రం వైఫైని వైఫైగా పంచదు. తీగ వాడాలి.

ఇలా రెండు పనులు ఒకే రేడియో మీద మోపినప్పుడు వేగం పడిపోతుంది, ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ మధ్యాహ్నానికే దిగిపోతుంది. ఇంకో సంగతి మర్చిపోకూడదు. ఏ ప్యాకేజీ కొన్నామో దాని గుణమే పంచినవాళ్లకూ వస్తుంది. సోషల్ మీడియా వరకే ఉన్న చవక ప్యాకేజీని ఎంతమందికి పంచినా అందులోంచి ఆఫీసు మెయిలు రాదు.

ఓడకు ఇది తెలుస్తుందా అంటే, తెలుసుకోవాలనుకుంటే తెలుస్తుంది. మన ఫోన్ పంచినప్పుడు వెనకున్న పరికరాలన్నీ దాని పేరు మీదే బయటికి వెళ్తాయి కాబట్టి పైకి ఒక్కటే కనిపిస్తుంది. కానీ ప్రతి డేటా పొట్లం మీద ఒక అంకె ఉంటుంది. ఫోన్ నుంచి నేరుగా బయల్దేరితే అది మామూలుగా 64, విండోస్ యంత్రం నుంచైతే 128. దారిలో ఒక్కో రౌటర్‌ను దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. ఓడ గేటు దగ్గరికి 63 అనో 127 అనో వచ్చిందంటే మధ్యలో ఎవరో చేతులు మార్చారన్నమాట. నేల మీది మొబైల్ కంపెనీలు హాట్‌స్పాట్‌ను పట్టుకోవడానికి వాడిన చిట్కాల్లో ఇదొకటి. దీనికి తోడు కొత్త చిక్కొకటి ఉంది. ఆండ్రాయిడ్ 2019 నుంచి, ఐఫోన్ 2020 నుంచి గోప్యత కోసం ప్రతి వైఫైకీ అసలు చిరునామా చూపించకుండా మారుచిరునామా చూపిస్తున్నాయి. ఆ మారుపేరు మధ్యలో మారిందంటే ఓడ లెక్కలో మీరు కొత్త మనిషి. తప్పేమీ చేయకుండానే మిమ్మల్ని బయటికి గెంటేస్తుంది. ఓడ వైఫై ఒక్కదానికి ఆ సదుపాయాన్ని ఆపేయడం లేదా మారకుండా ఉండేట్టు పెట్టుకోవడం మేలు.

ఇక ఓడవాళ్లు దీనికి ఒప్పుకుంటారా అన్నది. కొనేటప్పుడు మనం చదవకుండా సరే కొట్టే షరతుల్లో ప్యాకేజీ ఒకసారికి ఒక పరికరానికేనని మామూలుగా ఉంటుంది. ఫోన్‌లో హాట్‌స్పాట్ నొక్కినందుకు ఎవరినీ క్యాబిన్ తలుపు తట్టి పట్టుకోరు. రౌటర్ల సంగతి వేరు. అరచేతిలో పట్టే ట్రావెల్ రౌటర్లు వచ్చాక వాటిని సంచిలో వేసుకెళ్లడం ఎక్కువైంది. దాంతో కొన్ని కంపెనీలు రౌటర్లను, సొంత శాటిలైట్ డిష్‌లను నిషిద్ధ వస్తువుల జాబితాలో చేర్చాయి. ఇస్త్రీపెట్టె, కొవ్వొత్తులను తీసుకున్నట్టే ఎక్కేటప్పుడు తీసుకుని, దిగేటప్పుడు తిరిగిస్తారు. మీ కంపెనీ జాబితా చూడకుండా రౌటర్ కొని పెట్టుకోవడం తెలివైన పని కాదు.

ఇక్కడ హోటళ్లతో పోల్చి వాదించేవాళ్లు ఉన్నారు. అమెరికాలో నాష్‌విల్‌లోని ఒక మారియట్ హోటల్ తన సమావేశ మందిరాల్లో అతిథుల సొంత హాట్‌స్పాట్‌లను పనిచేయనివ్వకుండా చేసి, తన వైఫైని ఒక్కో పరికరానికి 250 నుంచి 1,000 డాలర్లకు అమ్మిన వ్యవహారంలో, 2014లో అక్కడి సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి 6 లక్షల డాలర్లు కట్టింది. మా హాట్‌స్పాట్‌ను ఆపే హక్కు మీకెక్కడిదని ఓడనూ అడగొచ్చంటారు. నాకు ఈ పోలిక అతకదనిపిస్తుంది. నాష్‌విల్‌లో అతిథులు పంచుకున్నది తమ సిమ్ మీద తాము విడిగా కొనుక్కున్న డేటా. హోటల్ అడ్డుపడింది పరాయి సొమ్ముకు. ఓడలో మనం పంచేది ఓడ దగ్గర కొన్నదాన్నే, అదీ ఒకరికని రాసిచ్చి కొన్నదాన్ని. బస్సులో ఒక టికెట్ కొని సీటు మీద ఇద్దరు పిల్లల్ని ఇరికించడం లాంటి వ్యవహారం ఇది. కండక్టరు చూసీ చూడనట్టు పోవచ్చు, అంతమాత్రాన నియమం మన పక్షాన ఉన్నట్టు కాదు.

అసలు ఇంత తంటా పడితే మనకు మిగిలేదెంత? ఇక్కడ క్రూయిజ్ జీవితం ఎలా ఉంటుందో గుర్తు చేసుకోవాలి. ఓడ గోడలు ఉక్కువి. హాట్‌స్పాట్ సిగ్నల్ క్యాబిన్ దాటి సరిగా పోదు. ఫోన్ ఎవరి జేబులో ఉందో ఆయన వెనకే ఇంటర్నెట్ నడుస్తుంది. ఆయన పదకొండో అంతస్తులో ఈత కొలను దగ్గర కూర్చుంటే, ఆరో అంతస్తు క్యాబిన్‌లో పిల్లాడి ట్యాబ్‌కు ఏమీ రాదు. ఇంట్లో అందరూ ఒకే గదిలో ఉంటారు కాబట్టి హాట్‌స్పాట్ పనికొస్తుంది. ఓడలో అందరూ ఒకే గదిలో ఉండేది నిద్రపోయేటప్పుడే.

దీనికన్నా నిక్కచ్చిగా పనిచేసే దారి ఒకటుంది, పైగా నియమాల్లో ఉన్నదే. చాలా ఓడల్లో ఒక పరికరం ప్యాకేజీ అంటే ఆ ఒక్క ఫోన్‌కే అతుక్కున్నది కాదు. ఒకసారికి ఒక్కటి అని అర్థం. అమ్మ లాగౌట్ అయితే నాన్న లాగిన్ కావచ్చు. కొన్నిచోట్ల కొత్త పరికరం లాగిన్ కాగానే పాతది దానంతటదే బయటికి పోతుంది. పొద్దున కాఫీ దగ్గర ఒకరు, మధ్యాహ్నం ఇంకొకరు, రాత్రి మనవడితో వీడియో కాల్‌కు పెద్దవాళ్లు. నా లెక్కలో నలుగురున్న సగటు కుటుంబానికి రెండు ప్యాకేజీలు, ఈ వంతుల పద్ధతి చాలు. లాగౌట్ కాకుండా ఫోన్ బ్యాటరీ అయిపోతే మాత్రం కౌంటర్ దగ్గరికి వెళ్లి విడిపించుకోవాల్సి రావచ్చు. నిజంగా ఒకే సమయంలో అందరికీ కావాలంటే, కార్నివాల్ వంటి కంపెనీలు అమ్మే నాలుగు పరికరాల ప్యాకేజీ విడివిడిగా కొన్నదానికన్నా తలకు తక్కువ పడుతుంది. ఏ ప్యాకేజీ అయినా ఓడెక్కాక కొన్నదానికన్నా ముందే ఇంటి దగ్గర కొన్నది మామూలుగా చవక. వైకింగ్, వర్జిన్ వోయేజెస్ లాంటి కంపెనీలైతే మామూలు వైఫైని టికెట్‌లోనే కలిపి ఇస్తున్నాయి. టికెట్లు పోల్చి చూసేటప్పుడు ఈ తేడా చాలామంది లెక్కలోకి రాదు.

వాట్సాప్ విషయంలో అయితే ఫోన్లు మార్చే పనీ అక్కర్లేదు. 2021 నుంచి ఒకే ఖాతాను మరికొన్ని పరికరాలకు కలిపి వాడుకునే వీలుంది. అసలు ఫోన్ ఇంటర్నెట్‌లో లేకపోయినా ట్యాబ్‌లో వాట్సాప్ నడుస్తుంది. కుటుంబంలో ఎక్కువ అవసరమంతా అందులోనే ఉంటే, ప్యాకేజీని పెద్ద తెర ఉన్న ట్యాబ్ మీదకు తీసుకోవచ్చు. కలపడం మాత్రం రేవు వదలక ముందే, ఇంట్లోనే చేసుకోవాలి.

ఓడలో పనిచేసేవాళ్ల మాట ఇక్కడ ఒకసారి చెప్పుకోవాలి. ప్రయాణికుడికి వైఫై వారం రోజుల ముచ్చట. వంటశాలలో, యంత్రాల గదిలో ఎనిమిదేసి నెలలు గడిపే మన కుర్రవాళ్లకు అదే ఇల్లు. వాళ్లూ చాలాచోట్ల ప్యాకేజీలు కొనుక్కోవాల్సిందే. నావికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందానికి 2022లో చేసిన సవరణలు 2024 డిసెంబరు 23 నుంచి అమల్లోకి వచ్చాయి. వీలైనంత మేర సిబ్బందికి ఇంటర్నెట్ కల్పించాలి, డబ్బు తీసుకుంటే అది సబబుగా ఉండాలి అన్నది వాటిలో ఒక మాట. సబబు అంటే ఎంతో అందులో అంకె వేయలేదు.

ఇక వాయిదా వేసిన రెండో హాట్‌స్పాట్. రేవు వదిలి కొంత దూరం పోయాక ఫోన్‌లో మళ్లీ సిగ్నల్ గీతలు లేస్తాయి. అవి నేల మీది టవర్‌వి కావు. ఓడలోనే చిన్న మొబైల్ కేంద్రాలు ఉంటాయి. అవి మన ఫోన్ మాటలను ఉపగ్రహం మీదుగా మన ఆపరేటర్‌కు చేరుస్తాయి. ఈ సేవ నడిపే సంస్థల్లో వైర్‌లెస్ మారిటైమ్ సర్వీసెస్, టెలినార్ మారిటైమ్ పెద్దవి. తీరదేశం చట్టం వర్తించే హద్దు దాటే దాకా, మామూలుగా 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, వీటిని ఆపి ఉంచుతారు. ఆ తర్వాత తెరుస్తారు. ప్రతి దేశానికి మొబైల్ నెట్‌వర్క్ గుర్తింపు అంకె ఒకటుంటుంది, భారత్‌కు 404, 405 లాంటివి. ఓడ నెట్‌వర్క్‌లది 901. అది ఏ దేశానికీ చెందని అంకె. చిక్కంతా అందులోనే ఉంది. సింగపూర్‌కు రోమింగ్ ప్యాక్ వేసుకున్నాం, మలేషియాకు వేసుకున్నాం అనుకుంటాం. ఓడ సింగపూరూ కాదు, మలేషియా కూడా కాదు. ఆ ప్యాక్ అక్కడ వర్తించకపోతే ధర విడిగా పడుతుంది, అదీ ఉపగ్రహం ధర. ఐరోపా సంఘం 2017 జూన్‌లో తన దేశాల మధ్య రోమింగ్ అదనపు ఛార్జీలు ఎత్తేసినప్పుడు కూడా అది నేల మీది నెట్‌వర్క్‌ల వరకే. మధ్యధరా సముద్రంలో ఓడ నెట్‌వర్క్ తగులుకున్నవాళ్లకు ఆ రక్షణ లేదు.

ఈ స్థితిలో ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి లాప్‌టాప్‌కు ఇస్తే జరిగేది ఒకటుంది. లాప్‌టాప్‌కు సముద్రం తెలియదు. వైఫై దొరికింది, ఇంట్లో ఉన్నామనుకుంటుంది. వారం నుంచి ఆగి ఉన్న విండోస్ అప్‌డేట్ మొదలెడుతుంది, నిన్నటి ఫొటోలన్నీ పైకి ఎక్కిస్తుంది. మనం ఒక్క మెయిలు చూసి మూసేలోపు అది గిగాబైట్ల పనికి దిగి ఉంటుంది. ఏ హాట్‌స్పాట్‌కైనా లాప్‌టాప్‌ను కలిపే ముందు విండోస్‌లో ఆ వైఫైని మీటర్డ్ అని గుర్తుపెట్టాలి. ఐఫోన్‌లో లో డేటా మోడ్ ఉంటుంది. అంతకన్నా ముందు చేయాల్సింది ఓడ తాడు విప్పక ముందే విమానం గుర్తు నొక్కి, తర్వాత వైఫైని మాత్రం మళ్లీ తెరవడం. పిల్లల ఫోన్లు, పెద్దవాళ్ల ఫోన్లు అన్నిటికీ. పెద్దవాళ్లు పడుకునేటప్పుడు విమానం గుర్తు చూసి “ఇదేమిటి, ఫోన్ పనిచేయడం లేదు” అని తీసేస్తారు. వాళ్లకు ముందే చెప్పి ఉంచాలి.

రేవులో దిగాక ఇదంతా తలకిందులవుతుంది. అక్కడ నేల మీది టవర్లు ఉంటాయి, రోమింగ్ ప్యాకో ఈసిమో పనిచేస్తుంది, హాట్‌స్పాట్ మన సొంతమే. అమెరికా సిమ్ ఉన్న పిల్లలు అలాస్కాలో జూనో, కెచికాన్ రేవుల్లో తమ ఇంటి ప్లాన్ మీదే అమ్మానాన్నలకు డేటా పంచవచ్చు. అలాస్కా అమెరికా రాష్ట్రమే కదా. బరువైన పనులు, ఫొటోలు ఎక్కించడం, సినిమాలు దింపుకోవడం, ఆ కొన్ని గంటల్లో చేసుకుంటే ఓడ మీద చిన్న ప్యాకేజీతో గడిచిపోతుంది.

మన తీరంలోనూ ఇది ఇప్పుడు ఊహ కాదు. 2022 జూన్‌లో కార్డీలియా క్రూయిజ్ ఓడ చెన్నై నుంచి విశాఖకు వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో సుమారు 96 కోట్లతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ మొదలైంది. విశాఖ నుంచి ఓడెక్కిన మనిషికి డాల్ఫిన్స్ నోస్ కొండ వెనకబడ్డాక కాసేపు ఇంటి సిమ్మే పలుకుతుంది. అప్పటిదాకా హాట్‌స్పాట్ ఇచ్చుకోవడానికి అడ్డే లేదు. ఆ తర్వాత సముద్రమే. మన ప్రాదేశిక జలాల్లోని ఓడల్లో డేటా సేవలు ఎవరివ్వాలో చెప్పే నిబంధనలు 2018 డిసెంబరులో వచ్చాయి. టాటా సంస్థ నెల్కో 2019లో ఓడలకు బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. విదేశం నుంచి వచ్చే మన పిల్లలకు ఒక హెచ్చరిక: ఓడలో పనికొస్తుందని తురాయా, ఇరిడియం లాంటి శాటిలైట్ ఫోన్ అనుమతి లేకుండా మన దేశానికి తెస్తే కేసు అవుతుంది. తెలియక తెచ్చి అరెస్టయిన విదేశీయులు ఉన్నారు.

ఎంత బాగా పంచుకున్నా వైఫై మీద మామూలుగా రానిది ఒకటుంది: బ్యాంకు ఓటీపీ. విమానం గుర్తు నొక్కిన ఫోన్‌కు చాలాసార్లు ఎస్సెమ్మెస్ రాదు. ఓడ మీద నుంచి ఎవరికైనా డబ్బు పంపాలన్నా, కార్డుతో ఏదైనా కొనాలన్నా రేవు వచ్చేదాకా ఆగాల్సి రావచ్చు. కరెంటు బిల్లు, ఈఎంఐ లాంటి తారీకున్న చెల్లింపులు బయల్దేరే ముందే కట్టేయడం మంచిది. ఒకరినొకరు వెతుక్కోవడానికైతే ప్యాకేజీ కూడా చాలాసార్లు అక్కర్లేదు. డిస్నీ, ఎమ్మెస్సీ లాంటి ఓడల సొంత యాప్‌లలో ఓడ లోపలి మనుషులు మాట్లాడుకునే చాట్ ఉచితం. “పద్నాలుగో అంతస్తులో ఉన్నాం, భోజనానికి వచ్చేయండి” అన్న కబురు ఆకాశం దాకా పోకుండా ఓడలోంచి ఓడలోకే వెళ్తుంది.